మీకు తెలుసా? చామనఛాయను కాల్చే వెలుగు

మదనపల్లె బెంగళూరు బస్టాండులో దిగినా, కుప్పంలో రైలు దిగినా, పుంగనూరు బజారులో నడిచినా బ్యూటీ క్లినిక్కుల ఫ్లెక్సీలు ఇప్పుడు మామూలైపోయాయి. అవాంఛిత రోమాలకు లేజర్, మంగుమచ్చలకు లేజర్, మొటిమల గుంతలకు లేజర్, చివరికి పులిపిరికాయలకూ లేజరే. ఫ్లెక్సీ మీద నవ్వే అమ్మాయి తెల్లగా మెరిసిపోతుంటుంది. దాని కింద నడిచిపోయే మనలో ఎక్కువమందిది చామనఛాయ. ఆ తేడా తెలియని చేతుల్లో పడితే ఒంటి మీద మిగిలేవి బొబ్బలు, అవి మానాక నెలల తరబడి నల్లమచ్చలు. అలాగని లేజర్ మనకు పనికిరాదని బెదిరిపోనక్కర్లేదు. సంగతి తెలిసిన డాక్టరు దగ్గర చేయించుకుంటే మన రంగు మీద కూడా బాగానే పనిచేస్తుంది. తెలుసుకోవాల్సిన సంగతులే ఇవి.

యంత్రానికి తెలిసింది నలుపొక్కటే

వెంట్రుకలు తీసే లేజర్ వెంట్రుకను వెతుక్కోదు. దానికి గుర్తు మెలనిన్. వెంట్రుకకు నలుపునిచ్చేది ఆ పదార్థమే, చర్మానికి రంగునిచ్చేదీ అదే. మెలనిన్ వెలుగును పీల్చుకుంటుంది, పీల్చుకున్న వెలుగు వేడిగా మారుతుంది, ఆ వేడికి వెంట్రుక కుదురు దెబ్బతింటుంది. చికిత్స మొత్తం ఇంతే. మిట్టమధ్యాహ్నం ఎండలో ఆపిన బైకు నల్లసీటు మీద కూర్చున్నవాళ్లకు ఈ సూత్రం వేరే చెప్పక్కర్లేదు.

తెల్లచర్మం మీద నల్లవెంట్రుక ఉంటే వెలుగు నేరుగా పోయి వెంట్రుకను పట్టుకుంటుంది. చర్మంలోనూ మెలనిన్ దండిగా ఉంటే వెలుగు కుదురు దాకా దిగకముందే పైపొర చాలావరకు పట్టేసుకుంటుంది. దాంతో నష్టం రెండు వైపులా. వెంట్రుకకు అందాల్సిన వేడి అందదు, చర్మానికి అక్కర్లేని వేడి అందుతుంది. "ఇంకా పోలేదక్కా, పవర్ కొంచెం పెంచుదామా?" అనే మాట పుట్టేది సరిగ్గా ఇక్కడే. డాక్టరు కాని మనిషి నోట ఆ మాట వింటే కుర్చీలోంచి లేచిపోవడం మంచిది.

తెల్లవెంట్రుక దానికి కనబడదు

నెరిసిన వెంట్రుకలో మెలనిన్ ఉండదు కాబట్టి లేజర్ దాన్ని ఏమీ చేయలేదు. గడ్డం కింద తెల్లబడ్డ వెంట్రుకలకు కూడా లేజర్ ప్యాకేజీ అంటగట్టారంటే ఆ డబ్బు దండగే.

రంగులో తేడా ఉంది, రంగు తయారుచేసే కణాల సంఖ్యలో లేదు

నల్లటివాళ్ల చర్మంలో మెలనిన్ తయారుచేసే కణాలు ఎక్కువగా ఉంటాయని చాలామంది అనుకుంటారు. ఆ కణాలు ఎవరికైనా ఇంచుమించు ఒకే లెక్కలో ఉంటాయి. తేడా అంతా ఆ కణాలు తయారుచేసి పంపే మెలనిన్ రేణువుల్లోనే. నల్లటి చర్మంలో అవి పెద్దవిగా, ఎక్కువగా, విడివిడిగా పరుచుకుని ఉంటాయి.

ఈ తేడా వెనకున్న జన్యువుల మీద హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాలుపంచుకున్న అధ్యయనం ఒకటి 2013లో వెలువడింది. దక్షిణ భారతంలో 1228 మంది చర్మపు రంగును యంత్రంతో కొలిచి చూస్తే, వాళ్లలో కనబడిన రంగు తేడాల్లో సుమారు 27 శాతానికి ఒకే ఒక్క జన్యువులోని ఒకే ఒక్క అక్షరం మార్పు కారణమని తేలింది. ఆ జన్యువు పేరు ఎస్ఎల్‌సీ24ఏ5. లేతరంగునిచ్చే ఆ మార్పు యూరప్ వాళ్లకూ మనకూ ఒకే మూలం నుంచి వచ్చింది. దాని వయసు 22 వేల నుంచి 28 వేల ఏళ్లని లెక్కగట్టారు.

ఒకే ఇంట్లో అక్క ఎరుపు, చెల్లెలు చామనఛాయ కావడం మనకు కొత్త కాదు. ఎటొచ్చీ క్లినిక్కులో అక్కకు పెట్టిన సెట్టింగుతోనే చెల్లెలికీ కానిచ్చేస్తే చిక్కు. ఇద్దరూ కలిసే వెళ్లినా ఇద్దరికీ విడివిడిగా పరీక్ష జరగాలి.

బావంచాల నుంచి పుట్టిన కొలబద్ద

బొల్లికి బావంచాలు నూరి పట్టించి ఎండలో కూర్చోబెట్టడం మన నాటువైద్యంలో ఎప్పట్నుంచో ఉంది. బావంచాల్లో సోరలెన్ అనే పదార్థం ఉంటుంది. అది చర్మాన్ని ఎండకు మరీ సున్నితంగా మార్చేస్తుంది. మోతాదు తప్పితే ఒళ్లు బొబ్బలెక్కుతుంది. ఈజిప్టులో వేరే మొక్కతో ఇదే పని చేసేవాళ్లు. 1940ల్లో అక్కడి డాక్టరు ఎల్ మోఫ్టీ ఆ మొక్క నుంచి విడదీసిన సోరలెన్‌ను బొల్లికి వాడి చూశాడు. 1974లో అమెరికాలో జాన్ పారిష్, థామస్ ఫిట్జ్‌పాట్రిక్, భారత మూలాలున్న మధు పాఠక్ తదితరులు సోరలెన్‌కు అతినీలలోహిత కాంతిని జోడించి సోరియాసిస్‌కు చికిత్స చేశారు. అదే పూవా చికిత్స.

అక్కడ ఒక చిక్కు వచ్చింది. ఎవరికి ఎంత కాంతి పెట్టాలి? కళ్ల రంగు, జుట్టు రంగు చూసి మోతాదు ఇస్తే కొందరు కాలిపోయారు. అందుకని 1975లో ఫిట్జ్‌పాట్రిక్ ఒక కొలబద్ద తయారుచేశాడు. "ఎండలో నిలబడితే మీ ఒళ్లు కమిలి ఎర్రబడుతుందా, నల్లబడుతుందా?" అని రోగినే అడిగి రకం తేల్చడం దాని పద్ధతి. మొదట్లో అందులో ఉన్నవి నాలుగు రకాలే, అవి తెల్లవాళ్ల కోసం చేసినవి. గోధుమ, నలుపు రంగుల వాళ్ల కోసం 5, 6 రకాలు తర్వాత చేరాయి. భారతీయులు ఎక్కువగా 4, 5 రకాల్లోకి వస్తారు, 3, 6 రకాల వాళ్లూ ఉన్నారు. ఇవాళ ఏ లేజర్ క్లినిక్కులోనైనా మోతాదు లెక్క మొదలయ్యేది ఈ అంకెతోనే. మీ అంకె ఎంతని అడిగితే తడుముకునే క్లినిక్కులో మిగతా లెక్కలు ఎలా ఉంటాయో ఊహించుకోవచ్చు.

సోరలెన్ కోసం బావంచాల దాకా పోనక్కర్లేదు, నిమ్మజాతి కాయల రసంలోనూ ఆ కుటుంబపు పదార్థాలుంటాయి. ముఖానికి నిమ్మచెక్క రుద్దుకుని ఎండలోకి వెళ్తే తెలుపు రావడం అటుంచి, కమిలి నల్లచారలు పడే ప్రమాదం ఉంది.

ఆరోగ్యవరం డాక్టరు దేశం నుంచే ఈ వైద్యం

మదనపల్లె పక్కనున్న ఆరోగ్యవరం క్షయ ఆస్పత్రిని తీర్చిదిద్దిన క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ డెన్మార్క్ దేశస్థుడు. కాంతితో చర్మవ్యాధికి వైద్యం చేసి నోబెల్ బహుమతి అందుకున్న నీల్స్ ఫిన్సెన్‌దీ అదే దేశం. ఫిన్సెన్ కుదిర్చిందీ క్షయనే, కాకపోతే ముఖం మీద చర్మానికి వచ్చే క్షయ. కార్బన్ ఆర్క్ దీపం వెలుగుతో దాన్ని నయం చేసినందుకు 1903లో బహుమతి వచ్చింది. మరుసటి ఏడాదే, 43 ఏళ్లకే ఆయన పోయాడు.

ఫిన్సెన్ దీపం వేడికి చర్మం కాలిపోకుండా చేసిన ఏర్పాటు ముచ్చటైనది. క్వార్ట్జ్ బిళ్లల మధ్య చల్లటి నీళ్లు పారించి, ఆ బిళ్లను చర్మానికి అదిమి పట్టి, దాని గుండా వెలుగు పంపేవాళ్లు. ఇవాళ్టి మంచి లేజర్ యంత్రాల మొనకు చల్లటి నీలం రాతి బిళ్ల ఉండేది, కొన్నింటిలో చల్లటి స్ప్రే కొట్టేది, ఐపీఎల్ అనే మెరుపు యంత్రం పెట్టేముందు చల్లని జెల్ పూసేది అందుకే. పైపొర చల్లగా ఉంటే వేడి దెబ్బ లోపలి కుదురుకే తగులుతుంది. మన రంగు వాళ్లకు ఈ చల్లదనం ప్రాణాధారం. బిళ్ల చల్లబడకుండానే, జెల్ పిసినారితనంగా పూసి పని కానిచ్చేస్తే కాలడం ఖాయం.

లేజర్ అంటే ఒకటి కాదు

మొదటి లేజర్‌ను 1960 మే 16న అమెరికాలో థియోడర్ మైమన్ కెంపురాయితో వెలిగించాడు. మూడేళ్లు తిరక్కముందే సిన్సినాటిలో చర్మవైద్యుడు లియోన్ గోల్డ్‌మన్ దాన్ని చర్మం మీద పరీక్షించి, నల్లవెంట్రుకల్లాంటి రంగున్న భాగాలే ఎక్కువగా దెబ్బతింటున్నాయని గమనించాడు. మన ఇబ్బందికి మూలం ఏమిటో అప్పుడే కనబడిందన్నమాట. ఆ గమనికను సిద్ధాంతంగా మలిచినవాళ్లు రాక్స్ ఆండర్సన్, పూవా దగ్గర మనం చూసిన జాన్ పారిష్. 1983లో వచ్చిన వాళ్ల వ్యాసం సారం ఇది: సరైన తరంగదైర్ఘ్యం, సరైన వ్యవధి ఎంచుకుంటే పక్కనున్నదాన్ని వదిలేసి కావలసినదాన్నే కాల్చవచ్చు.

ఆ రెండు అంకెల్లోనే మన చర్మం భవిష్యత్తు ఉంది. కెంపు లేజర్‌ది 694 నానోమీటర్లు, అలెగ్జాండ్రైట్‌ది 755, డయోడ్‌ది దాదాపు 810, ఎన్‌డీ-యాగ్‌ది 1064. అంకె పెరిగేకొద్దీ మెలనిన్ పీల్చుకోవడం తగ్గుతుంది, వెలుగు లోతుకు దిగుతుంది. అందుకే ముదురు రంగు వాళ్లకు అన్నింటికన్నా క్షేమమైనది 1064. తక్కువ మెలనిన్ పట్టుతో పనిచేస్తుంది కాబట్టి సన్నటి నూగు మీద దాని ప్రభావం కొంచెం తక్కువ, నొప్పి కాస్త ఎక్కువ. కాలడంకన్నా అది నయం. డయోడ్ కూడా మన దేశంలో విరివిగా వాడతారు. తగిన మోతాదు, పొడవైన వ్యవధి, మంచి చల్లదనం ఉంటే అదీ పనిచేస్తుంది. వ్యవధి అంటే ఒక్కో మెరుపు నిలిచే సమయం, మిల్లీసెకన్లలో ఉంటుంది. మెరుపు మెల్లగా సాగితే పైపొర మధ్యలోనే వేడిని వదిలించుకోగలుగుతుంది. మందపాటి వెంట్రుక అంత తొందరగా వదిలించుకోలేదు.

"మాది ఫలానా దేశం మిషను" అని గొప్పగా చెబుతుంటారు. దేశం కాదు, నానోమీటర్లు అడగండి.

ఐపీఎల్ క్రికెట్ కాదు, లేజరూ కాదు

బోర్డు మీద లేజర్ అని రాసి లోపల ఐపీఎల్ యంత్రం పెట్టుకున్న చోట్లున్నాయి. ఐపీఎల్ అంటే జినాన్ దీపం నుంచి వచ్చే బలమైన మెరుపు. అందులో సుమారు 500 నుంచి 1200 నానోమీటర్ల దాకా అన్ని రకాల వెలుగూ కలగలిసి ఉంటుంది. ముందు ఫిల్టర్ పెట్టి పొట్టి తరంగాలను కోసేస్తారు. ఆ ఫిల్టర్ తెల్లచర్మానికి పెట్టేదే అయితే మన పైపొరకు మూడినట్టే.

ఐపీఎల్ కాల్చిన గుర్తు ప్రత్యేకంగా ఉంటుంది. యంత్రం మొన పొడుగు పలకలా ఉంటుంది కాబట్టి, కాలిన మచ్చలూ అచ్చం ఆ పలక కొలతతోనే వరుసగా పడతాయి. కాలి పిక్క మీదో ముంజేతి మీదో నాలుగు వేళ్ల వెడల్పు లేని నల్లటి పట్టీలు, మధ్యలో సన్నటి సందులు, కొన్నిచోట్ల రెండు పట్టీలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఇంకా ముదురుగా. అంచులు స్కేలుతో గీసినంత తిన్నగా ఉంటాయి. లేజర్‌వైతే ఎక్కువగా గుండ్రటి మచ్చలు. అనుభవమున్న చర్మవైద్యులు ఆ ఆకారం చూసే ఏ యంత్రమో పోల్చుకుంటారు. "మీకు ఎలర్జీ వచ్చింది మేడమ్" అని క్లినిక్కువాళ్లు తప్పించుకోబోతే, ఎలర్జీ స్కేలు పెట్టి గీతలు గీయదని గుర్తుచేయండి.

ఇంట్లో వాడుకునే చేతి యంత్రాలు కూడా ఎక్కువగా ఐపీఎల్‌వే. డబ్బా మీద చర్మపు రంగుల పట్టీ ఉంటుంది. మరీ ముదురు రంగు వాళ్లు వాడొద్దని దాని మీదే రాసి ఉంటుంది. ఆన్‌లైన్‌లో కొనేముందు ఆ పట్టీని పగటి వెలుతురులో ముంజేతి పక్కన పెట్టి చూసుకోవాలి.

నొప్పి మన పక్షాన నిలబడే సాక్షి

"రవంత సురుక్కుమంటాదక్కా, అంతే" అంటారు. రబ్బరుబ్యాండు లాగి వదిలినట్టు చురుక్కుమనడం నిజంగానే మామూలు. చురుకు పోకుండా మంటగా నిలిచిపోతే మాత్రం మామూలు కాదు. ముందే మత్తుక్రీము మందంగా పూసి ఉంటే ఆ తేడా మనకు తెలియనే తెలియదు. మత్తుక్రీము వద్దని కాదు, దాన్ని డాక్టరు చెప్పినంతే వాడాలి. మంట అనిపించిన క్షణాన "ఆపండి" అనడానికి మొహమాటపడకూడదు.

ఇంకొకటి, కళ్లు. గది లోపల ఉన్నవాళ్లందరూ, చేసేవాళ్లూ చేయించుకునేవాళ్లూ, తగిన కళ్లజోడు పెట్టుకోవాలి. కంటి పాప చుట్టూ ఉన్న రంగుపొరలోనూ ఉన్నది మెలనినే. కనుబొమల కింద లేజర్ పెడతామంటే ఒప్పుకోవద్దు.

హార్స్‌లీ హిల్స్ చల్లదనం మోసం చేస్తుంది

మదనపల్లె సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది, హార్స్‌లీ హిల్స్ 1265 మీటర్లు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకూ అతినీలలోహిత కిరణాల తీవ్రత సుమారు 10 శాతం పెరుగుతుంది. గాలి చల్లగా ఉంటుంది కాబట్టి ఎండ తగులుతున్నట్టే ఉండదు, ఒళ్లు మాత్రం నల్లబడుతూనే ఉంటుంది. పుంగనూరు, కుప్పం కూడా పీఠభూమి మీది ఊళ్లే. టమాటా తోటల్లో కాయలు కోసేవాళ్లు, స్కూటీ మీద కాలేజీకి పోయే పిల్లలు, కొండ మీద వారాంతం గడిపి వచ్చినవాళ్లు, ఎవరైనా సరే, ఎండకు నల్లబడిన చర్మంలో కొత్త మెలనిన్ చేరి ఉంటుంది. పోయిన నెల సరిపోయిన మోతాదే ఈ నెల కాల్చేయడానికి కారణం చాలాసార్లు ఇదే. చేయించుకునే చోట నాలుగు వారాల ముందు నుంచి ఎండ తగలకుండా చూసుకోవాలి, తర్వాత కూడా అంతే. వేసవి సెలవుల్లో కాక ఎండ తగ్గిన కాలంలో మొదలుపెట్టడం తెలివైన పని.

మొటిమలకు డాక్సీసైక్లిన్ మాత్రలు వాడుతుంటే ముందే చెప్పాలి. వాటితో చర్మం వెలుగుకు సున్నితమవుతుంది.

పచ్చబొట్టు మీద వద్దు

చేతి మీద పచ్చబొట్టున్న అమ్మమ్మలు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు, మోచేతి మీద టాటూ ఉన్న మనవరాళ్లు వాళ్లకన్నా ఎక్కువయ్యారు. వెంట్రుకలు తీసే లేజర్‌కు సిరా కూడా నలుపే. పచ్చబొట్టు మీద మెరుపు పడితే అక్కడ బొబ్బ లేస్తుంది. పుట్టుమచ్చ మీదా అంతే, దాన్ని తెల్ల పెన్సిలుతోనో కాగితంతోనో కప్పి మిగతాచోట చేయాలి. కాటుక, కుంకుమ, మేకప్ పూర్తిగా కడుక్కుని కూర్చోవాలి.

వెంట్రుకలు తీయించుకుంటే పెరగడం!

ఇది వింతే. గడ్డం, దవడల దగ్గర లేజర్ లేదా ఐపీఎల్ చేయించుకున్న కొందరికి అక్కడా దాని చుట్టుపక్కలా వెంట్రుకలు తగ్గకపోగా ఎక్కువవుతాయి. గోధుమరంగు చర్మం ఉన్న ఆడవాళ్లలో, ముఖ్యంగా పీసీఓఎస్ లాంటి హార్మోన్ల తేడాలున్నవాళ్లలో ఇది ఎక్కువగా కనిపించింది. సన్నటి నూగును చంపడానికి చాలని తక్కువ వేడి దాన్ని రేపిపెడుతుందన్నది ఒక వివరణ. గడ్డం మీద వెంట్రుకలు వస్తున్న అమ్మాయికి మొదట కావలసింది హార్మోన్ల పరీక్ష, లేజర్ దాని తర్వాత.

అన్నట్టు, అమెరికా ఎఫ్‌డీఏ ఈ యంత్రాలకు ఇచ్చే అనుమతి వెంట్రుకల "శాశ్వత తగ్గింపు"కే. మొత్తంగా, జీవితాంతం పోతాయని కాదు. అన్ని వెంట్రుకలూ ఒకేసారి పెరిగే దశలో ఉండవు కాబట్టి నాలుగు నుంచి ఆరు వారాల ఎడంతో పలుమార్లు చేయాలి. ముహూర్తానికి రెండు వారాల ముందు పెళ్లికూతురికి లేజర్ మొదలుపెట్టడం అనవసరపు సాహసం. కాలితే ఫొటోల్లో కనబడేది అదే.

నీటిని కాల్చే లేజరూ మచ్చ పెడుతుంది

మొటిమల గుంతలకు వాడే కార్బన్ డయాక్సైడ్ లేజర్ 1964లో కుమార్ పటేల్ కనిపెట్టింది. ఆయన మహారాష్ట్రలోని బారామతిలో పుట్టినవాడు. ఆ లేజర్‌కు గురి మెలనిన్ కాదు, చర్మంలోని నీరు. మరి మనకు భయం లేనట్టేనా? ఉంది. మన చర్మానికి ఏ గాయమైనా, దోమకాటైనా, మొటిమైనా, కాలినా, మానేటప్పుడు మెలనిన్ ఎక్కువగా తయారుచేసి నల్లమచ్చ మిగిల్చే గుణముంది. ఆ మచ్చ పోవడానికి నెలలు పట్టొచ్చు, ఒక్కోసారి ఏళ్లు. ఛాతీ, భుజాలు, చెవి తమ్మెల మీద గాయం మానిన చోట కండ పెరిగే అలవాటు ఉన్నవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి.

తెల్లబడదామని పోతే తెల్లమచ్చలు

ఫిట్జ్‌పాట్రిక్ కొలబద్ద వచ్చిన 1975లోనే మన దేశంలో ఫెయిర్ అండ్ లవ్లీ క్రీము మార్కెట్లోకి వచ్చింది. 2020లో దాని పేరులోంచి "ఫెయిర్" పోయి "గ్లో" చేరింది. పేరు మారింది గానీ తెలుపు మీద మోజు ఎక్కడికీ పోలేదు, క్రీము డబ్బా నుంచి లేజర్ గదికి మారింది. "లేజర్ టోనింగ్" పేరుతో ముఖం మొత్తం రంగు తగ్గిస్తామని పదేపదే చేస్తే కొందరికి సన్నటి తెల్లచుక్కలు పడతాయి. మెలనిన్ కణాలు దెబ్బతిన్న గుర్తులవి. బొల్లి కాకపోయినా చూసేవాళ్లు బొల్లి అనే అంటారు. మన ఊళ్లలో ఆ మాట ఒక ఆడపిల్ల పెళ్లి సంబంధాల దాకా పోతుంది. నా మట్టుకు, ఉన్న జబ్బుకు లేజర్ సరే, పుట్టిన రంగుకు లేజర్ ఎందుకో అర్థం కాదు.

మందుల షాపులో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ క్రీములది ఇంకో కథ. మొదట తెలుపు వచ్చినట్టుంటుంది, తర్వాత చర్మం పలచబడి, ఎర్రబడి, ఎండ పడితే మండుతుంది. దేశంలోని 12 ఆస్పత్రుల్లో ముఖచర్మ సమస్యలతో వచ్చిన 2926 మందిని చూస్తే 433 మంది ముఖానికి స్టెరాయిడ్ క్రీములు వాడుతున్నారని 2011లో వెలువడిన అధ్యయనంలో తేలింది. 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని జాబితాలో చేర్చింది. పలచబడ్డ ఆ చర్మం మీద లేజర్ పెడితే కాలడం ఇంకా తేలిక. ఏ క్రీము రాసుకుంటున్నారో డాక్టరుకు దాచొద్దు. ట్యూబు పట్టుకెళ్లి చూపించండి.

మన ఒంటి మీద ఎరుపు ఎరుపులా కనబడదు

కాలిన చర్మం ఎర్రబడుతుందని పుస్తకాల్లో ఉంటుంది. ముదురు రంగు మీద అది ఊదాగానో, ఉన్న రంగుకన్నా కాస్త నల్లగానో, ఒక్కోసారి బూడిదరంగుగానో కనిపిస్తుంది. మెరుపు పడగానే చర్మం బూడిదరంగుకు తిరిగితే అది ప్రమాద సూచన, అక్కడే ఆపేయాలి. ఈ తేడా వైద్యవిద్యార్థులకే సరిగ్గా నేర్పడం లేదని లండన్ సెయింట్ జార్జెస్‌లో అప్పట్లో వైద్యం చదువుతున్న మలోన్ ముక్వెండే 2020లో తన అధ్యాపకులతో కలిసి, నల్లటి చర్మం మీద జబ్బులు ఎలా కనబడతాయో బొమ్మలతో పుస్తకం తెచ్చాడు.

కరోనా రోజుల్లో ఇంటింటా వేలికి పెట్టుకున్న ఆక్సీమీటర్‌కూ ఇదే తిప్పలు. అదీ వెలుగుతోనే కొలుస్తుంది. నల్లజాతి రోగుల్లో ఆక్సిజన్ పడిపోయినా అది పట్టుకోలేకపోవడం తెల్లవాళ్లతో పోలిస్తే దాదాపు మూడింతలు ఎక్కువని 2020 డిసెంబరులో అమెరికా పరిశోధకులు చూపించారు.

కాలితే ఏం చేయాలి?

కుళాయి కింద చల్లటి నీళ్లు, 20 నిమిషాలు. అంతే. ఐసు ముక్క నేరుగా పెట్టకూడదు, దానివల్ల ఇంకో గాయం అవుతుంది. టూత్‌పేస్టు, ఇంకు, కాఫీపొడి, పసుపు, దోసెపిండి ఏవీ వద్దు. బొబ్బను చిదపొద్దు. శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పి ఆ రోజే చర్మవైద్యుడి దగ్గరికి వెళ్లాలి. మచ్చ తగ్గడానికి మందు ఎంత తొందరగా మొదలుపెడితే అంత మేలు. కుప్పంలో పీఈఎస్ వైద్యకళాశాల ఆస్పత్రి ఉంది, తిరుపతిలో రుయా ఉంది. కాల్చిన క్లినిక్కువాళ్లే "రెండు రోజుల్లో పోతుంది" అని ఇచ్చిన క్రీముతో సరిపెట్టుకోవద్దు.

వెంట్రుక కుదురు చుట్టూ చిన్నగా ఉబ్బి కొన్ని గంటల్లో తగ్గిపోతే అది మామూలే. బొబ్బ, తడి, పొర ఊడటం, మర్నాటికీ తగ్గని మంట మామూలు కావు.

చేయించుకోకముందు అడగాల్సినవి

మిషను మీద ఎవరు కూర్చుంటారు, డాక్టరు చూస్తారా, పక్కన ఉంటారా? ఎన్ని నానోమీటర్లు? నా చర్మం ఏ రకం? ముందు చెవి వెనకనో దవడ కిందనో చిన్న చోట వేసి చూస్తారా? ఆ పరీక్ష తర్వాత కనీసం రెండు రోజులు ఆగాలి. ముదురు రంగు వాళ్లు వారం ఆగితే మరీ మంచిది, ఎందుకంటే నలుపు వెంటనే తేలదు. భారత చర్మవైద్యుల సంఘం లేజర్ మీద 2008లోనే మార్గదర్శకాలు వెలువరించింది. శిక్షణ పొందిన డాక్టరు, రాతపూర్వక అంగీకారం, ముందూ వెనకా ఫొటోలు అందులోని మాటలే.

బెంగళూరులో కాలినా కేసు మన జిల్లాలోనే

కుప్పం, పుంగనూరు, మదనపల్లె వాళ్లకు పెద్ద క్లినిక్కు అంటే బెంగళూరే. అక్కడ కాలితే ఆ ఊరి చుట్టూ తిరగాలేమోనన్న భయంతోనే చాలామంది ఊరుకుంటారు. తిరగనక్కర్లేదు. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందకి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. 2019 చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయల లోపైతే ఫీజు లేదు. గడువు రెండేళ్లు. ముందుగా సలహా కావాలంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. బిల్లు, ప్యాకేజీ కాగితం, కాలిన రోజు తేదీతో తీసిన ఫొటోలు, చూపించుకున్న డాక్టరు చీటీ భద్రంగా దాచండి. క్లినిక్కువాళ్లు బిల్లు ఇవ్వం అంటే, అక్కడ చేయించుకోకండి.